మనం పెట్టని సంతకం

గోదావరి జిల్లాల్లో ఏదో ఒక పాత మండువా లోగిలిని బాగుచేసి అతిథిగృహంగా మార్చారన్న కబురు తెలిస్తే చాలు, మనలో రెండు మాటలు వినిపిస్తాయి. "తాతల ఇళ్లు హోటళ్లయిపోతున్నాయి" అన్నది ఒకటి. "పోనీలే, కూలిపోకుండా నిలబడింది" అన్నది రెండోది. ఎవరో వచ్చి ఏదో చేశారన్నట్టు మాట్లాడతాం. ఆ ఇల్లు పాడుపెట్టింది మనం. అమ్మిందో, అద్దెకిచ్చిందో మనం. ఇప్పుడు రాత్రికింత అని కట్టి అందులో పడుకుని, పొద్దున్నే అరుగు మీద కాఫీ తాగుతూ ఫొటో దిగేదీ మనమే. మనం అంటే డెల్టాలో పొలం ఉన్నవాళ్లం. ఆ పొలం ధాన్యంతో చదువుకుని, విజయవాడకో హైదరాబాదుకో డాలస్‌కో చేరి, ఊళ్లో భూమి మాత్రం ఇంకా మన పేరునే ఉంచుకున్నవాళ్లం.

ఆ ఇళ్లు దేనికోసం కట్టారో మరిచిపోవడం దగ్గరే మన తప్పు మొదలైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు పారి, వరి విరగపండాక వచ్చిన డబ్బు ఈ గోడల్లోకి వెళ్లింది. ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరిలో దింపారు. గానుగ సున్నంతో గోడలు లేపారు. వీధి అరుగు మీద కూలి లెక్కలు, కౌలు బేరాలు. వాకిట్లో ధాన్యం పురులు, లోపల విత్తనాల గాదె. పెరటి వైపు పశువుల కొట్టం, గడ్డివామి, పాలేరు పడుకునే చూరు. మండువా అంటే వర్షం ఇంట్లో పడే చోటు. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికే వాలి, నీళ్లన్నీ నడిమి గచ్చులోకి దిగి, తూము గుండా పెరట్లోకి పోతాయి. సేద్యం చేసే కుటుంబానికి అదొక పనిముట్టు. కళ కూడా ఉంది, కాదనను. కానీ పని ముందు పుట్టింది, కళ తర్వాత వచ్చింది.

ఆ పనిముట్టును మనం విరిచిన తీరు చూడండి. అన్నదమ్ములు విడిపోయినప్పుడు మండువాకు అడ్డంగా గోడ కట్టాం. నాలుగు వాలుల నీటికి ఒకటే తూము. అది ఒక వాటాలోకి పోతే రెండో వాటాలో నీరు నిలిచింది. నిలిచిన నీటికి స్తంభాల మొదళ్లు పుచ్చాయి. పుచ్చినచోట సున్నం తీయించి సిమెంటు మెత్తాం. సున్నపు గోడలో చేరిన చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, గోడ లోలోపలే నానింది. ఇక బాగుచేయలేమని తేల్చుకుని, ఒక పక్క కూలగొట్టి స్లాబు వేశాం. ఊడదీసిన ద్వారబంధాల్నీ స్తంభాల్నీ పాత కలప వ్యాపారికి అమ్మాం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, కట్టడం నుంచి ఊడదీసిన వస్తువు వందేళ్లు దాటినదైతే అదీ పురావస్తువే, దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. మన ఇంటి గుమ్మం అలాంటిదేమోనన్న ఆలోచనే మనకు రాలేదు. బరువు తూచి, బేరమాడి, డబ్బు పుచ్చుకున్నాం.

పంపకాల్లో ఇంకో పనీ చేశాం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షను 2005లో రద్దయ్యేదాకా, పుట్టింట్లో తన వాటా విడదీయమని కూతురు అడగాలంటే ముందు మగవారసులు పంచుకోదలచాలి. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రం 1985 నుంచే హక్కు ఇచ్చింది. మనం ఆ హక్కును చీరా సారెతో సరిపెట్టాం. అక్కచెల్లెళ్లను పండక్కి పిలిచి, భోజనాలయ్యాక హక్కు విడుదల కాగితం ముందుపెట్టి, "ఇక్కడొక సంతకం పెట్టమ్మా" అన్నాం. ఆ సంతకం తీసుకోవడానికి మనకు తీరిక దొరికింది. న్యాయవాదీ దొరికాడు.

మనం పారేసినదాని విలువ పక్క రాష్ట్రాలవాళ్లకు ముందే తెలిసింది. కేరళలో 1975 చట్టంతో ఉమ్మడి కుటుంబ వ్యవస్థ రద్దయి, తరవాడు కుటుంబాలు విడిపోయి, కొయ్య ఇళ్లు అమ్మకానికొచ్చాయి. అలాంటి పాత ఇళ్లను విప్పి తెచ్చి, కుమరకంలో సరస్సు ఒడ్డున మళ్లీ నిలబెట్టి, 'కోకోనట్ లగూన్' అనే హోటలు కట్టారు. చెట్టినాడులో చెట్టియార్ల బంగళాలు కొన్ని హోటళ్లయ్యాయి. అక్కడి ఊళ్లు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. చెన్నై దగ్గరి దక్షిణచిత్రలో మన కొయ్యలగూడెం చేనేత ఇంటి నమూనా, ఉత్తర కోస్తా చుట్టిల్లు ఉన్నాయి. మన ఇంటిని చూడటానికి మనం పొరుగు రాష్ట్రం వెళ్లి టిక్కెట్టు కొంటున్నాం.

హోటలువాళ్లను తిట్టడం తేలిక. కానీ వాళ్లు చేసిన పని చూస్తే మన మొహమే కనబడుతుంది. స్తంభాలకు నూనె పెట్టారు, పెంకులు మార్చారు, తూము బాగుచేశారు. మనం యాభై ఏళ్లుగా వాయిదా వేసిన పని అది. పశువుల కొట్టాన్ని గదులుగా చేశారు, గాదె ఉన్న గదిలో స్నానపు తొట్టి పెట్టారు. ఇదే మనకు గుచ్చుకుంటుంది. అయితే గాదె ఖాళీ అయింది వాళ్లొచ్చాకా? పశువుల్ని అమ్మేసింది వాళ్లా? వాళ్లు అన్నిటికంటే ఎక్కువ ధర పెట్టి అమ్మేది ప్రశాంతత. సేద్యపు ఇంట్లో ప్రశాంతత ఎప్పుడుంది? తెల్లవారుజామున పాలు పితికే చప్పుడు, బండి దిగే బస్తాలు, కూలి దగ్గర తగువులు, దూడల అరుపులు. ఆ సందడంతా మనం ఖాళీ చేసి పెట్టాకే వాళ్లకు నిశ్శబ్దం సరుకుగా దొరికింది.

ఆ సందడిలో ఎవరి గొంతు ఎక్కడిదాకా వచ్చేదో కూడా చెప్పుకోవాలి. ఊళ్లో చాలామంది అరుగు దాటి లోపలికి రాలేదు. రానివ్వలేదు. మోసుకొచ్చిన బస్తా వాకిట్లో దింపి, పెరటి దారిన వెళ్లి, దోసిట్లో పోసిన నీళ్లు తాగి పోయినవాళ్లున్నారు. మన జ్ఞాపకాల్లో బామ్మ ఉంది, ఉట్టి ఉంది, ఆవకాయ జాడీ ఉంది, వాళ్లు లేరు. ఇవాళ ఆ మండువాలోకి డబ్బు కట్టిన ఎవరైనా వస్తారు. కులం అడిగేవాడు లేడు. మన పెద్దలు తెరవని తలుపు వ్యాపారం కోసమైనా తెరుచుకుంది. అయినా ఆ బస్తా మోసినవాళ్ల మనవలు అందులోకి వచ్చేది దుప్పట్లు మార్చడానికే. అంతవరకూ పాత ఏర్పాటు చెక్కుచెదరలేదు. దాన్ని చెదరగొట్టే ప్రయత్నం మనమూ చేయలేదు.

ఇల్లు ఖాళీ అయినా పొలం ఖాళీగా లేదు. సార్వా, దాళ్వా రెండూ వేసే చేతులున్నాయి. అవి కౌలురైతువి. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుని, తుపానొచ్చినా మన బస్తాలు మనకు కొలిచేది అతనే. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించారు. మనం ఆ వార్త చదివి నొచ్చుకున్నాం. అదే ఏడు కౌలురైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, పంట మీదే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదు. కార్డుంటే బ్యాంకు అప్పు, బీమా, నష్టపరిహారం అడగడానికి దారి ఏర్పడుతుంది. ఒకటే షరతు: కాగితం మీద యజమాని సంతకం కావాలి.

ఆ సంతకమే మనం పెట్టలేదు. "ఇవాళ కాగితం రాస్తే రేపు భూమి అడుగుతాడు" అన్నాం. "నమ్మకం మీద నడిచే పనికి కాగితాలెందుకు" అని కూడా అన్నాం. అదే నోటితో రెండు మాటలు. పంట పోయినప్పుడు పరిహారం పట్టాదారు ఖాతాలో పడితే నోరు మెదపలేదు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలై ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారులకిచ్చి కౌలుదారులను వదిలేసినప్పుడు, అక్కడి మన చుట్టాలూ ఆ డబ్బు తీసుకుని ఊరుకున్నారు. ఇదే మనం, ఇల్లు అడగడానికి హోటలువాళ్లు వస్తే ఏళ్లకేళ్ల లీజు కాగితాల్ని చదివి, నోటరీ దగ్గరికెళ్లి పేజీపేజీకీ సంతకం చేస్తాం. కొత్తవాడి మీద అంత నమ్మకం. మూడు తరాలుగా మన పొలం దున్నుతున్నవాడి మీద మాత్రం పదకొండు నెలల నమ్మకం లేదు.

ఇటలీలోనూ ఇలాంటి కథే ఉంది. టస్కనీలో పంటను యజమానితో సగాలకు పంచుకుని సేద్యం చేసిన కుటుంబాలు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పట్నాలకు వెళ్లిపోయాయి. రాతి ఇళ్లు ఖాళీ అయి, వాటిలో కొన్ని హోటళ్లయ్యాయి. కొత్త సగాల ఒప్పందాలను 1964లో నిషేధించారు. 1985లో ఇంకో చట్టం చేసి, పొలంలో అతిథుల్ని ఉంచుకునే హక్కు సేద్యం చేసేవాళ్లకు ఇచ్చారు. సేద్యమే ప్రధానం, ఆతిథ్యం దానికి తోడు అని అందులో రాసుకున్నారు. ఆ చట్టం అన్ని ఇళ్లనూ కాపాడలేదు. కానీ ఇల్లూ పొలమూ ఒకే బతుకు అన్న సంగతిని వాళ్లు కాగితం మీద ఒప్పుకున్నారు. మన పర్యాటక ప్రకటనల్లో కొబ్బరిచెట్లుంటాయి, పడవలుంటాయి, పాత ఇళ్లుంటాయి. కౌలురైతు కనపడడు.

మన సాకులు మనకు కంఠతా వచ్చు. పిల్లలు రారు, కూలీలు దొరకరు, అన్నదమ్ములకు పడదు, కలప ఖరీదు. అన్నీ నిజాలే. టేకు స్తంభం నిలబెట్టడానికి డబ్బు కావాలి, మేస్త్రీ కావాలి, అందరి ఒప్పుదలా కావాలి. అవి లేకపోయాయంటే కొంత క్షమించవచ్చు. కౌలు ఒప్పందానికి ఇవేవీ అక్కర్లేదు. ఇంటిని హోటలుకిచ్చినా పొలం ధాన్యమే ఆ వంటింట్లో వండాలని షరతు పెట్టడానికి అన్నదమ్ములు కొట్టుకోనక్కర్లేదు. అక్కచెల్లెళ్ల దగ్గర తీసుకున్న కాగితం గురించి వాళ్లతో మళ్లీ కూర్చుని మాట్లాడటానికి మేస్త్రీ అక్కర్లేదు. ఖర్చులేని పనులేవీ మనం చేయలేదంటే, అడ్డొచ్చింది డబ్బు కాదని తేలిపోయింది.

వచ్చే సార్వాకు నారు పోసేలోగా కౌలుకాగితం మన ముందుకొస్తుంది. దాని మీద సంతకం పెట్టేదాకా తాతల ఇళ్ల గురించి కన్నీళ్లు పెట్టుకునే అర్హత మనకు లేదు.