కోడ్ వస్తే చాలదు... మాటా రావాలి!

సాఫ్ట్‌వేర్ కొలువుల వేటలో గ్రామీణ యువత తడబాటు ఎక్కడ?

నందికొట్కూరు: కేసీ కాలువ కింది పల్లెలైనా, వానను నమ్ముకున్న మెట్ట పల్లెలైనా ఈ ప్రాంతంలో పిల్లల చదువుపై పెట్టుకునే ఆశ ఒక్కటే. ఇంజినీరింగ్ పూర్తిచేసి సాఫ్ట్‌వేర్ కొలువులో చేరాలి. అందుకోసం సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కర్నూలుకో, ఇటు నంద్యాలకో పంపుతున్నారు. పట్టా చేతికొచ్చాక హైదరాబాద్ అమీర్‌పేటలో మరికొన్ని నెలల కోర్సులు. ఫీజులు, గది అద్దె కలిపితే ఆ కుటుంబానికి అది మరో పంట పెట్టుబడి. ఇంత చేసినా ఇంటర్వ్యూ గదిలో ఆగిపోయేవారున్నారు. ప్రోగ్రాం రాయలేక కాదు. రాసినదాన్ని ఎదుటివారికి వివరించలేక.

చదువుకునే వసతికి కొరత లేదు. కర్నూలులో 1980లలోనే జి.పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కళాశాల వెలిసింది. నంద్యాలలో 1995లో ఆర్‌జీఎం కళాశాల, కర్నూలులో 2015లో ట్రిపుల్ ఐటీడీఎం వచ్చాయి. లోపం మరోచోట ఉందని రెండు దశాబ్దాల కిందటే తేలింది. దేశంలోని ఇంజినీరింగ్ పట్టభద్రుల్లో బహుళజాతి సంస్థల కొలువులకు తగినవారు నాలుగో వంతేనని 2005లో మెకిన్సీ సంస్థ అంచనా వేసింది. ఆ కాలంలోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జవహర్ నాలెడ్జ్ సెంటర్ల పేరిట కళాశాలల్లో సాంకేతిక శిక్షణతో పాటు సంభాషణ నైపుణ్యాలూ నేర్పించింది.

బట్టీ పట్టిన పరిచయం

ఉద్దేశం మంచిదే. ఆచరణలోనే తేడా వచ్చింది. మాట్లాడటమంటే ఆంగ్లంలో స్వీయ పరిచయం అప్పజెప్పడమనే భావన చాలాచోట్ల స్థిరపడింది. తరగతిలో అరవై మందీ తమ బలం కష్టపడే తత్వమని, బలహీనత అందరినీ నమ్మడమని చెబితే వినేవారికి ఏం తెలుస్తుంది? నిజానికి మంచి సాఫ్ట్‌వేర్ నిపుణుడికి కావాల్సింది ధారాళమైన ప్రసంగం కాదు. సరైన ప్రశ్న అడగడం, చెప్పింది ఓపిగ్గా వినడం, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం, పనిలో చిక్కు వస్తే దాచకుండా వెంటనే చెప్పడం. వీటిలో ఏదీ ఆంగ్ల పాఠశాలలకే పరిమితమైన విద్య కాదు.

ఒక చిన్న దరఖాస్తు పత్రాన్నే చూడండి. ముందు పేరు, వెనుక పేరు అని రెండు గడులు పెట్టి అమెరికా పద్ధతిలో తయారుచేస్తారు. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. ముస్లిం కుటుంబాల్లో చాలామందికి ఆ అర్థంలో ఇంటిపేరే ఉండదు. ఒకే ఊళ్లో ఒకే పేరుతో నలుగురుంటే తండ్రి పేరుతోనే గుర్తుపడతారు. ఈ సంగతి అడగకుండా రాసిన ప్రోగ్రాం సాంకేతికంగా ఏ తప్పూ లేకుండా నడుస్తుంది. ఆధార్‌లో ఒకలా, పట్టాదారు పాసుపుస్తకంలో మరోలా పేరు పడ్డ రైతు మాత్రం కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు. పల్లె నుంచి వెళ్లిన కుర్రాడికి ఈ ఇబ్బంది తెలుసు. సమావేశంలో నోరు తెరిచి చెప్పే ధైర్యమే అతనికి కరవు.

చెప్పకపోతే ఎంత నష్టం?

1999 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైంది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలిస్తే, మరో బృందం వాటిని మెట్రిక్ కొలతలుగా తీసుకుంది. గుణకారం తెలియనివారు అక్కడెవరూ లేరు. బృందాల మధ్య సమాచార లోపమూ కారణమేనని విచారణలో తేలింది. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. మనుషులు పెరిగేకొద్దీ ఒకరికొకరు చెప్పుకోవాల్సిన మాటలూ పెరుగుతాయన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి.

తెలుగు మాధ్యమంలో చదివినవారు గమనించాల్సిన మాట మరొకటుంది. ప్రోగ్రామింగ్ శాస్త్ర పితామహుల్లో ఒకరైన నెదర్లాండ్స్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా, సమర్థుడైన ప్రోగ్రామర్‌కు గణితాభిరుచితో పాటు మాతృభాషపై గట్టి పట్టు అత్యవసరమని అదే 1975లో అభిప్రాయపడ్డారు. సమస్యను సొంత భాషలో నాలుగు వాక్యాల్లో స్పష్టంగా చెప్పలేనివారు దాన్ని జావాలో చెప్పడం కష్టమే. ఆంగ్లం అక్కర్లేదని దీనర్థం కాదు. కొలువులో అది తప్పనిసరి. అయితే ఆలోచనలో స్పష్టత ముందు రావాలి, ఆంగ్లం తర్వాత అందుతుంది.

అనంతపురం జిల్లా మూలాలున్న సత్య నాదెళ్ల అనుభవం ఇక్కడ ప్రస్తావనార్హం. 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలో, రోడ్డుపై పసిబిడ్డ ఏడుస్తుంటే ఏం చేస్తావని ఆయన్ని అడిగారు. అత్యవసర సేవలకు ఫోన్ చేస్తానని జవాబిచ్చారు. ముందు బిడ్డను ఎత్తుకోవాలి కదా అని అడిగినాయన సరిదిద్దారు. ఉద్యోగమైతే దక్కింది. 2014లో ఆ సంస్థ సారథి అయ్యాక, ఎదుటివారి బాధను గ్రహించే గుణం వ్యాపారానికీ అవసరమేనంటూ నాదెళ్ల ఈ ఉదంతాన్నే పుస్తకంలో రాసుకున్నారు.

యంత్రమే రాస్తుంటే...

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ చర్చకు పదును పెరిగింది. మామూలు ప్రోగ్రాములను యంత్రమే క్షణాల్లో రాసిస్తోంది. కొత్తగా చేరినవారికి అప్పగించే చిన్నాచితకా పనులపైనే ఈ దెబ్బ ముందుగా పడుతుంది. ఏం కావాలో తేల్చడం, యంత్రం ఇచ్చినదాంట్లో తప్పు పట్టడం, దానికి బాధ్యత వహించడం మనిషికే మిగిలిన పని. అమీర్‌పేటలో మూడు నెలల్లో నేర్పే కోర్సుల్లో వీటికి చోటు తక్కువ.

చివరి సంవత్సరం ప్రాజెక్టును డబ్బిచ్చి కొనితెచ్చి, పైఅట్టపై పేరు మార్చి సమర్పించే అలవాటు బహిరంగ రహస్యమే. అధ్యాపకులూ చూసీచూడనట్లు పోతున్నారు. దానికి బదులు కేసీ కాలువ నీటి వంతుల లెక్కనే ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. లస్కరును అడగాలి. కాలువ మొదట్లో ఉన్న రైతునూ, చివరి మడికి నీరందని రైతునూ అడగాలి. ఇద్దరి మాటా పొంతన కుదరదు. ఆ తేడాను తెలుగులో రెండు పేజీలు రాసి, ఇద్దరికీ చదివి వినిపించి, వారు కాదన్నచోట దిద్దుకుని ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. ప్రోగ్రాంతో పాటు ఆ రెండు పేజీలకూ మార్కులు వేస్తామని కళాశాలలు ప్రకటిస్తే చాలు.