మద్దతు ధర పెరిగింది సరే, యాసంగి జొన్నకు పదును చాలుతుందా?

మాల్దండి జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2023-24లో క్వింటాలుకు 3,225 రూపాయలు. 2025-26కు అది 3,749 రూపాయలైంది. ఈ ధర చూసి మరో ఎకరం జొన్న వేద్దామనుకుంటున్న తాండూరు ప్రాంత రైతులు పదును లెక్క కూడా చూసుకోవాలి. కందికి పేరు తెచ్చిన ఈ నల్లరేగళ్లలో యాసంగి జొన్న ఎక్కువగా నేలలో నిలిచిన తేమ మీదే బతుకుతుంది. గింజ పట్టే వేళకు ఆ తేమ అడుగంటుతుంది.

బెట్ట తగలగానే జొన్న చేతులెత్తేయదు. మట్టి ఎండుతోందని వేరుకు తెలియగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి ఆకుల మీది సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి. కణాల్లో చక్కెరలు, పొటాషియం, ప్రొలిన్ అనే అమైనో ఆమ్లం పోగవుతాయి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరుతుంది కదా, అదే సూత్రం. చిక్కదనం ఎటు ఎక్కువుంటే నీరు అటే నడుస్తుంది. అలా మట్టిలో మిగిలిన కాస్త తేమనూ వేరు లాగగలదు.

దీనికి మొక్క మూల్యం చెల్లిస్తుంది. రంధ్రాలు మూసుకుంటే ఆకు చేసే ఆహారం తగ్గుతుంది. అప్పుడు కంకి కాండంలో దాచిన చక్కెరలను లాగేస్తుంది. బలహీనపడిన కాండానికి మసికుళ్ళు సోకి చేను పడిపోతుంది. గింజా పోతుంది, చొప్పా పోతుంది. అందుకే విత్తిన నెలలోపే ఒత్తు మొక్కలు తీసేయండి. గుంటక తోలి నెర్రెలు పూడ్చండి. ఒక్క తడికే నీళ్లుంటే పొట్ట దశకు దాచుకోండి. ఎండిన నేలపై యూరియా చల్లవద్దు.

పశువులున్నవారు ఇంకో సంగతి మరవకండి. లేత జొన్నలో ఉండే ధుర్రిన్ బెట్టకు మరింత పెరుగుతుంది. పశువు నమలగానే అది సైనైడ్ విషాన్ని విడుదల చేస్తుంది. నాము తిని పశువు చచ్చిందని పెద్దలు చెప్పేది ఇదే. కోసిన మోళ్ల పిలకల్లో, బెట్ట తర్వాత వానకు వచ్చే చిగుళ్లలో ఈ విషం ఎక్కువ. మేత కరువని వాడిన పైరును పూతకు ముందు కోసి వేయకండి, ఆ చేలోకి పశువులను తోలకండి. మేసిన కాసేపటికే ఎగశ్వాస, వణుకు కనిపిస్తే నాటువైద్యంతో పొద్దు పుచ్చవద్దు. వెంటనే పశువైద్యుడిని పిలవండి, లేదా సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయండి. సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ సమయానికి పడితే పశువు బతికే అవకాశం ఉంది.