ప్యాకెట్ మీద పేరు

కొత్తగూడెంలో రైలు దిగితే స్టేషన్ పేరు కొత్తగూడెం కాదు, భద్రాచలం రోడ్. రాములవారి దర్శనానికి వచ్చేవాళ్లు ఇక్కడ దిగి, బస్సెక్కి, ఇంకో నలభై కిలోమీటర్లు పోయి గోదావరి దాటాలి. సింగరేణి బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు తన స్టేషన్‌కు పక్కూరి పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి గుట్టుగా కాపురం చేస్తోంది. 2016లో జిల్లా ఏర్పడినప్పుడు కూడా భద్రాద్రి ముందొచ్చింది, కొత్తగూడెం వెనకాల కూర్చుంది. ఏ పేరు చెల్లుబాటవుతుందో మనవాళ్లకు బాగానే తెలుసు.

ఆ పేరే ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్ మీదికెక్కింది. భద్రాచలంలో స్వయం సహాయక సంఘంగా కూడిన మహిళలు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి పోయినవాళ్లు వీళ్లు. 2025 జూన్ 29న 'మన్ కీ బాత్'లో ప్రధాని వీళ్ల మాటెత్తి, ఆ బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా పోతున్నాయని చెప్పారు. మూడు నెలల్లో 40,000 శానిటరీ ప్యాడ్లు చేసి బడులకు, ఆఫీసులకు అందించింది కూడా ఈ మహిళలేనన్న సంగతి బిస్కెట్ల సందట్లో చాలామంది చెవిన పడినట్టు లేదు.

పేరు మాటొస్తే ఒక దూరదేశపు వంటవాడు గుర్తొస్తాడు. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్‌కు చెందిన రికార్డో లారివే 2002లో అక్కడి ఫ్రెంచ్ టీవీలో సొంత వంటల కార్యక్రమం మొదలుపెట్టాడు. ఆ ఏడే తన పేరుతో పత్రిక తెచ్చాడు. తర్వాత గిన్నెలు, గరిటెలు, ఆఖరికి వైన్ సీసాల మీద కూడా ఆ పేరే. క్యుబెక్ చుట్టూ ఉన్నది ఇంగ్లిష్ సముద్రం. ఆ సముద్రంలోకి దిగాల్సి వచ్చినప్పుడు ఇంగ్లిష్‌లో వేరే కార్యక్రమం చేశాడు. భాష మార్చాడు గానీ పేరు మార్చలేదు.

మనకూ ఇలాంటివాళ్లు లేకపోలేదు. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' నడిపి, 'వంటలు - పిండివంటలు' రాసి, అత్తగారు దగ్గర లేని కోడళ్లకు అత్తగారయ్యారు. 1992లో 'హృదయనేత్రి' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినా, చాలా ఇళ్లలో ఆవిడ పేరు నిలిచింది నూనె మరకలు పడ్డ ఆ వంటల పుస్తకం మీదే. హైదరాబాదీ సంజయ్ తుమ్మ చికాగోలో హోటల్ నడిపి, 2007 నుంచి 'వా చెఫ్'గా ఇంటర్నెట్‌లో వంటలు చెప్పాడు. మాట ఇంగ్లిష్, యాస మాత్రం మనదే. గుంటూరు జిల్లా మస్తానమ్మ ఇంగ్లిష్ జోలికే పోలేదు. నూరేళ్లు దాటిన వయసులో పొలం గట్టున పొయ్యి వెలిగించి, పుచ్చకాయ డొల్లలో కోడికూర వండుతూ తెలుగులోనే మాట్లాడింది. 2018లో ఆమె కన్నుమూసేనాటికి పది లక్షలమందికి పైగా ఆమె వంటలు చూపిన యూట్యూబ్ చానల్ వెంట ఉన్నారు. మాట అర్థం కానివాళ్లు చేతులు చూశారు.

కానీ చేతులు చూసి నేర్చుకునేదీ, ప్యాకెట్లో పెట్టి అమ్మేదీ ఒకటి కాదు. సింగరేణి క్వార్టర్స్‌లో ఒక పెద్దమ్మ సర్వపిండి చేస్తుంటే పక్కన కూర్చుని చూశాం. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె అడుగుకు వేళ్లతో ఒత్తింది. చూపుడువేలితో బొక్కలు పొడిచి ఒక్కోదాంట్లో నూనె చుక్క వేసింది.

"ఉప్పెంత వేశావ్ పెద్దమ్మా?"

"సరిపోయినంత బిడ్డా."

ఫస్ట్ షిఫ్టుకు పోయే కొడుకు టిఫిన్ గిన్నెకు ఆ కొలత చాలు. లండన్‌కు చాలదు. అక్కడ కొనేవాడికి ఈ ప్యాకెట్‌లోని బిస్కెట్, వచ్చే నెల ప్యాకెట్‌లోని బిస్కెట్ ఒకేలా విరగాలి.

అసలు బిస్కెట్టే ఎందుకంటే, అందులో ఒక సులువుంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరుగునీళ్లు పోసి, మెత్తగా మెదిపి, అరచేత్తో తడుతూ తిప్పితే గానీ రొట్టె అంచులు విచ్చుకోకుండా నిలవదు. అది ఏళ్లు పట్టే విద్య. బిస్కెట్‌కు సాగడంతో పనిలేదు, గుల్లగా విరగడమే దాని గొప్ప. పైగా సజ్జపిండి లాంటిది కొద్దిరోజులకే చేదెక్కుతుంది. కాల్చి మూతవేసిన బిస్కెట్ నిలవుంటుంది. ఆ రకంగా చూస్తే జొన్న, సజ్జల దూరప్రయాణానికి ఇది తగిన వాహనమే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నాక పట్నాల్లో గిరాకీ కూడా పెరిగింది. నిన్నటిదాకా పేదింటి తిండని పక్కన పెట్టిన గింజను ఇప్పుడు డాక్టరు చీటీ మీద రాస్తున్నాడు!

మనకున్న చిన్న వెలితి పేరు దగ్గరే. భద్రాద్రి సరే. 'మిల్లెట్ మ్యాజిక్' లండన్‌వాడికి నోరు తిరుగుతుంది, దాన్నీ తప్పుపట్టలేం. ఈ ఏజెన్సీ ఆదివాసీ ఇళ్లలో ఎక్కువగా వినపడే భాష మాత్రం కోయ. తెలుగు సముద్రంలో అదొక చిన్న క్యుబెక్. రికార్డో సరుకు వెనక ఒక్క మనిషి ఉన్నాడు. మన బిస్కెట్‌కు ఒక్క ముఖం లేదు, ఉండక్కర్లేదు కూడా. అది సంఘం సొత్తు, ఎవరో ఒకరి సొంతం కాకపోవడమే దాని అందం. కానీ ఆ గింజను ఆ ఇళ్లలో ఏమని పిలుస్తారో, ఆ ఒక్క కోయ మాట తెలుగు లిపిలో అట్ట మీద వేస్తే సిరా ఖర్చు తప్ప పోయేదేముంది?

ఇంకోటి. కొత్త గిరాకీ అంటే సముద్రం దాటడమే కానక్కర్లేదు. 250 మందికి మించి పనిచేసే గనికి క్యాంటీన్ ఉండాలన్నది 1955 గనుల నిబంధనల నాటి మాట. షిఫ్టు దిగి, మసి చేతులు కడుక్కుని, చాయ్ గ్లాసు అందుకునే కార్మికుడి కన్నా నమ్మకమైన ఖాతాదారు ఏ బ్రాండుకు దొరుకుతాడు? సింగరేణి యాజమాన్యం తన క్యాంటీన్లన్నిటికీ నెలవారీ ఆర్డరు ఈ మహిళలకే ఇవ్వాలి. 'ఒక స్టేషన్ - ఒక ఉత్పత్తి' అంటున్న రైల్వే, భద్రాచలం రోడ్ ప్లాట్‌ఫాం మీద ఈ బిస్కెట్ల కోసం ఒక బల్ల వేయాలి.