చదువుకొను తల్లి – ఒడిలోని బిడ్డ

రంపచోడవరము మన్యమున పరీక్షల కాలమును చింతపండు కాలమును ఒక్కటే. మాఘ ఫాల్గుణములందు చింతకాయ రాల్చి, కొట్టి, పిక్క తీసి సంతకు చేర్చుదుము. వెంటనే ఇప్పపూవు రాలును. దానిని తెల్లవారుజాముననే ఏరవలయును. అది ముగియకముందే జీడిమామిడి తోటలలో పని తగులును. ఆ దినములలో చేతనైన ముసలమ్మ మొదలు కాలు నిలిచిన పిల్లవాని వఱకు ఇంట నెవ్వరును ఉండరు. ఇంచుమించు ఆ దినములలోనే పదవ తరగతికిని ఇంటర్మీడియటుకును పరీక్షలు పెట్టుదురు. ఏడాది బిడ్డను ఎత్తుకొనియున్న యువతి పరీక్షకు పోవలసివచ్చినచో ఆ బిడ్డను ఎవరి చేతికిచ్చి పోవలయును? ఈ ప్రశ్నను సభ్యుల యెదుట నుంచుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇట్టివారు ఎందఱుందురని తేలికగా అనుకొనరాదు. 2019–21 సంవత్సరములందు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 19 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి సుమారు 13 మంది అప్పటికే తల్లులుగానో గర్భవతులుగానో ఉండిరి. 20 మొదలు 24 ఏండ్ల వారిలో నూటికి 29 మందికి 18 నిండకమునుపే పెండ్లి జరిగెను. 2006 నాటి చట్టము బాల్యవివాహమును నిషేధించుచున్నది. అట్టి వివాహములను ఆపవలసినదే. అందు మాకు సందేహము లేదు. అయితే, ఇట్టి తల్లికి సాయపడినచో బాల్యవివాహమునకు ప్రోత్సాహమిచ్చినట్లగునని కొందఱు పెద్దలు వాదింతురు. ఆ వాదము పుట్టిన బిడ్డకు పాలు పోయదు. పైగా, చదువు మధ్యలో మానిన తల్లి కూతురే మరల చిన్ననాట పెండ్లిపీటల మీద కూర్చుండుట మన యూళ్లలో కనుచునే యున్నాము.

తండ్రి మాట ఎవరును ఎత్తరు. బిడ్డ మందులకు డబ్బు కావలసి, కళాశాల మాని కూలికి దిగిన కుఱ్ఱవాడును చదువు కోల్పోయినవాడే. సంసారమునకు చదువేలయని అతనికి ఇరుగుపొరుగువారే బోధింతురు!

2025 జూన్ నెలలో రాష్ట్రప్రభుత్వము ‘తల్లికి వందనము’ అను పేర, బడికి పోవు పిల్లల తల్లుల ఖాతాలలో సొమ్ము జమచేసెను. మంచి పనియే. బిడ్డ చదివిన తల్లికి సొమ్ము వచ్చినది. మఱి తల్లి చదివిన బిడ్డకు ఏమి వచ్చును? అంగన్వాడీ బడి మూడేండ్లు నిండిన పిల్లలకు. అంతకు చిన్న బిడ్డకు పిండియో గ్రుడ్డో ఇంటికిత్తురు గాని, వానిని పగలెల్ల కనిపెట్టియుండువా రుండరు. చదువు తెగునది సరిగా ఆ మొదటి మూడేండ్లలోనే. 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠము బడి మానినవారికి పది, ఇంటర్మీడియటు పరీక్షల ద్వారము తెఱచినది. పనిపాటలు గలవారికి అనువుగా నుండునని దాని తరగతులను ఆదివారములందును సెలవు దినములందును పెట్టుదురు. ఆదివారము అంగన్వాడీకి తాళము. ఒక శాఖవారు తెఱచిన తలుపు నొద్దకు చేరుటకు రెండవ శాఖవారి తలుపు మూసియున్నదన్నమాట.

ఈ చిక్కును మనకు మునుపే గుర్తించిన మహనీయురాలు రాజమహేంద్రవరమున పుట్టినదే. 1909లో జన్మించి, ఎనిమిదవ యేట పెండ్లియై, జైలు కేగి వచ్చిన పిమ్మట మరల పుస్తకము పట్టి న్యాయశాస్త్రము వఱకు చదివిన దుర్గాబాయమ్మగారు, 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలై, చిన్ననాట చదువు మానిన స్త్రీలను రెండేండ్లలో పరీక్షకు సిద్ధపఱచు సంగ్రహ విద్యాక్రమమును 1958లో ఆరంభింపజేసిరి. తరువాతి కాలమున ఆ బోర్డే పనికి పోవు తల్లుల బిడ్డలకై శిశుగృహములకును ధనసహాయము చేసెను. చదువును శిశుగృహమును ఒకే సంస్థ చేపట్టినను, ఆ రెండును ఒకే గడపలో కలిసినప్పుడే మన యువతికి ప్రయోజనము.

కొండయూళ్లలో శిశుగృహము సాగునా యని సంశయించువారు మన పొరుగు రాష్ట్రమైన ఛత్తీస్‌గఢ్ వంక చూడవచ్చును. బిలాస్‌పూర్ జిల్లా గనియారిలోని జన స్వాస్థ్య సహయోగ్ అను వైద్యసంస్థవారు అడవి అంచు గ్రామములలో ‘ఫుల్వారీ’లను నెలకొల్పిరి. ఆఱు నెలలు మొదలు మూడేండ్ల వఱకు గల బిడ్డలను ఊరి స్త్రీలే పగలు కనిపెట్టి, వండి తినిపింతురు. చంటివానిని ఎత్తుకొనుటకై బడి మానిన అక్కకును దీనిచేత విడుదల కలుగును. ఇది వైద్యులు చేసిన పనియందురేమో. సహకారమే కావలసినచో, అహమదాబాదున సేవా సంఘమునకు చెందిన స్త్రీలు 1986లో ‘సంగిని’ యను సహకార సంఘమును నడుప మొదలిడిరి. బిడ్డలను సాకుటయే ఆ సంఘపు వృత్తి.

ఎరువులు, అప్పులు చూచుకొను సంఘమునకు బిడ్డల గొడవ యేలయని ఆక్షేపణ వచ్చునని యెఱుగుదుము. 1844లో రాచ్‌డేల్ నేతపనివారు అంగడి పెట్టినవారే గాని, కొలదికాలమునకే తమ మిగులులో నూటికి రెండున్నర వంతు చదువునకై తీసి పెట్టిరి. తూకపు చీటీ చదువగల కోడలు ఇంట నున్నచో కాటాయొద్ద మోసపోవుట తగ్గదా? సంఘపు లెక్కల పుస్తకమును ఱేపు వ్రాయవలసినవారు ఈ యువతీయువకులే గదా!

ఖర్చు మాట చూతము. మూడు వందల మంది సభ్యులున్న సంఘమున తలకు నెలకు 10 రూపాయలు వేసికొనిన, ఏడాదికి 36,000 రూపాయలగును. తరగతులు 30 దినములు, పరీక్షలు 10 దినములు అనుకొందము. ఇద్దఱు స్త్రీలకు దినమునకు 350 రూపాయల చొప్పున 40 దినములకు కూలి 28,000. మిగిలిన 8,000 రూపాయలతో బియ్యము, పప్పు, గ్రుడ్లు, రెండు చాపలు, ఉయ్యాల త్రాళ్లు వచ్చును. ఈ స్త్రీలకు కూలి ఇచ్చియే తీరవలయును. ఊరి పుణ్యమునకు చేయుమనరాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టమునందే, పనిచోట ఆఱేండ్లలోపు బిడ్డలు అయిదుగురో అంతకు మించియో ఉన్నచో, వారిని కనిపెట్టుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఈయవలయునని వ్రాసిరి. బిడ్డను సాకుట పనియేనని చట్టమే ఒప్పుకొన్నప్పుడు మనము కాదనుట తగదు.

ఇది పరీక్షల గడియ దాటించుటకు మాత్రమే చాలును. ఏడాది పొడవునకు ప్రభుత్వమే పూనుకొనవలయును. 2022లో కేంద్రప్రభుత్వము ‘పాల్నా’ యను పథకము క్రింద అంగన్వాడీలలోనే శిశుగృహములు నడుపుటకు ఏర్పాటు చేసెను. తల్లికి ఉద్యోగమున్నను లేకున్నను, ఆఱు నెలలు నిండిన బిడ్డను అందు చేర్పవచ్చును. అనగా చదువుకొను తల్లియు అర్హురాలే. మన గ్రామసభలు దీనిని కోరుచు తీర్మానించి రంపచోడవరము ఐ.టి.డి.ఏ. కార్యాలయమునకు పంపవలయును, ఆదివారపు తరగతుల సంగతిని ఆ తీర్మానమున విడువక వ్రాయవలయును.

వచ్చు సర్వసభ్య సమావేశమునకు వచ్చునపుడు ప్రతి గ్రామపు సభ్యులును ఒక పట్టిక తెత్తురని కోరుచున్నాము. తమ యూరిలో బిడ్డ కారణముగా చదువు నిలిచిన తల్లులెందఱు, తండ్రులెందఱు, ఏ తరగతిలో నిలిచినది, బిడ్డ వయసెంత యనునవి అందుండిన చాలును, పేర్లు అక్కఱలేదు. పై లెక్కలోని కూలి ధర తమ ప్రాంతమునకు సరిపోనిచో దానిని దిద్ది తెచ్చినను సంతోషమే.