ఎవరి మూట వాళ్లే!

మొన్న రాత్రి మావాడొకడు రీల్ పంపినాడు. స్పెయిన్‌లో ఉత్తరాన సముద్రం ఒడ్డెంట, వీపున బ్యాగులేసుకుని జనం నడుస్తున్నారు. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర ఇరూన్‌లో మొదలుపెట్టి, బిల్బావో, శాంటాండర్ మీదుగా శాంటియాగో గుడి దాకా 800 కిలోమీటర్ల పైనే! కింద మెసేజ్: "రేయ్, మనకిట్లాంటిది యాడుంది? మన కోయిలకుంట్లకి సముద్రమెందుకులే, కుందూలో నీళ్లుంటే అదే పదివేలు."

ఉంది బ్రో. మనవాళ్లూ పోయినారు.

ఏనుగుల వీరాస్వామి అని, మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరినాడు. పోయేటప్పుడు కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం... అంటే మన పక్కనుంచే! వచ్చేటప్పుడు పూరీ చూసుకుని గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, నెల్లూరు మీదుగా తూర్పు తీరం పట్టుకుని దిగి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరినాడు. దారిలో స్నేహితుడికి రాసిన జాబులే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయినాయి.

హుషారుగా ఫోన్‌లో మ్యాప్ తెరిచినా. అప్పుడు తట్టింది. ఆయన ఎక్కువ దూరం పోయింది పల్లకీలో. నడిచింది బోయీలు. ఎండలో, వానలో, ఏటి ఇసుకలో భుజం మీద బరువుతో! వీరాస్వామి పేరు పుస్తకం మీద ఉంది. ఆ బోయీల్లో ఒక్కడి పేరైనా మనలో ఎవరికన్నా తెలుసా?

పోయిన ఉగాది ముందు ఆత్మకూరులో చూసింది గుర్తొచ్చింది. ఏటా ఆ రోజుల్లో కన్నడ భక్తులు వేలమంది శ్రీశైలం నడిచిపోతారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను... అంతా నల్లమల అడవి దారే. ఊర్లలో జనం మజ్జిగ, అన్నం పెడుతుంటారు. నేనూ బైక్ ఆపి నీళ్ల ప్యాకెట్లు పంచుతున్నా. బళ్లారి దిక్కు అవ్వ ఒకామె, కాళ్లకి గుడ్డపేలికలు, నెత్తిన మూట.

"అవ్వా, ఆ మూట ఇటియ్యి. వెంకటాపురం దాకా బండి మీద తెచ్చిస్తా."

నవ్వింది. "వద్దు నాయనా. భ్రమరాంబ మా ఇంటి ఆడబిడ్డ. ఇందులో ఆమెకి చీర ఉంది. పుట్టింటి చీర ఎవరి బండి మీదనో పంపిస్తారా?"

నాకు మాట రాలే.

స్పెయిన్ దారిలో ఇప్పుడు బ్యాగుల్ని ముందు మజిలీకి చేర్చే సర్వీసులు కూడా ఉన్నాయి. ఒళ్లు బాగలేనివాళ్లు వాడుకుంటే తప్పేం లేదు. నాకు మాత్రం ఒళ్లు బాగానే ఉంది, బద్ధకం తప్ప.

మావాడికి రిప్లై పెట్టినా: "స్పెయిన్ తర్వాత చూద్దాం. ముందు అహోబిలం. నడిచే!"

"మరి బ్యాగులు?"

"ఎవరివి వాళ్లే."

బ్లూ టిక్ పడింది. జవాబు మాత్రం ఇంకా రాలే. మీలో ఎవరైనా వస్తారా? పాత చెప్పులే వేసుకోండి, కొత్తవి కరుస్తాయి.