సంతకం ఎవరిది?

శరదృతువు వచ్చిందంటే మన దేవాలయ ప్రాంగణంలో ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది. పన్నెండవ తరగతి చదివే పిల్ల ప్రసాదం అందుకుని పక్కకు రాగానే పెద్దలు అడుగుతారు: “ఏం చదవబోతున్నావమ్మా? కంప్యూటర్సా, మెడిసినా?” పిల్ల నోరు తెరవకముందే తల్లో తండ్రో జవాబు చెప్పేస్తారు. అడిగినది పిల్లను, పలికినది పెద్దలు. ఈ అలవాటుపైనే నా అభ్యంతరం.

నా వాదాన్ని సూటిగా చెబుతాను. కళాశాలలో ఏ మేజర్ చదవాలో నిర్ణయించే అధికారం చదవబోయే వారిదే. తల్లిదండ్రులకు సలహా చెప్పే హక్కున్నది. ఎంత ఖర్చు భరించగలమో చెప్పే హక్కున్నది. బిడ్డకు బదులుగా ఎంచుకునే హక్కు మాత్రం లేదు.

ఇంత పట్టుదల నాకెందుకో చెప్పాలి. నా పూర్వీకులు నాటాల్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911లో ఆ వలస ఆగేవరకు లక్షన్నర మందికి పైగా ఆ దారిన వెళ్లారు. వారిలో తెలుగువారు ఎందరో. ‘అగ్రిమెంటు’ అన్న ఇంగ్లీషు మాట కూలీల నాలుకపై ‘గిర్మిట్’ అయింది. ఐదేళ్ల చాకిరీని నిర్ణయించే ఆ కాగితంలో ఏమున్నదో చదవలేని వారెందరో దానికి కట్టుబడవలసి వచ్చింది.

తరువాతి తరాలకు చదువు దక్కింది గాని ఎంపిక దక్కలేదు. 1959లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం విశ్వవిద్యాలయాలను జాతుల వారీగా విడదీస్తూ చట్టం చేసింది. భారతీయుల కోసం 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ దీవిలో, నౌకాదళం విడిచిన పాత కట్టడాలలో ఒక కళాశాల తెరిచారు. అక్కడ లేని శాస్త్రాన్ని తెల్లవారి విశ్వవిద్యాలయంలో చదవాలంటే ప్రభుత్వ అనుమతి పత్రం కావాలి. ఆ కాలంలో పెరిగిన నేను కోరినది ఒక శాస్త్రం, నాకు దొరికినది మరొకటి. ఉపాధ్యాయ వృత్తి నాకు అన్నం పెట్టింది, గౌరవం ఇచ్చింది, దానిని నిందించను. కానీ నా చదువును నిర్ణయించినది నేను కాదు. మనకు అన్యాయపు చట్టం మూసిన తలుపును, ఏ చట్టమూ అడ్డుపడని ఈ దేశంలో మన చేతులతోనే బిడ్డలకు మూయడం న్యాయమా?

“ప్రేమతోనే కదా చెబుతున్నాం” అంటారు. కాదనను. హిరణ్యకశిపుడు కూడా కుమారుని మేలు కోరే చండామార్కుల వద్దకు చదువుకు పంపాడు. మిమ్మల్ని ఆయనతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ప్రేమ ఉన్నంత మాత్రాన ఎంపిక సరైనది కాదన్న సంగతి మన పురాణానికీ తెలుసునని మాత్రమే చెబుతున్నాను.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. మనలో చాలామంది తమవెంట తెలుగునాటి పటాన్ని తెచ్చుకున్నారు. అక్కడ పదవ తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా అని తేల్చుకోవాలి. ఒక తలుపు తెరిస్తే తక్కినవి దాదాపు మూసుకుంటాయి. ఆ భయం అక్కడ సహేతుకమే. ఒంటారియోలో దారులు వేరు. టొరంటో విశ్వవిద్యాలయం సెయింట్ జార్జ్ ప్రాంగణంలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ విభాగంలో విద్యార్థులు సాధారణంగా మొదటి ఏడాది చదివిన తరువాతే మేజర్ నిర్ణయించుకుంటారు. రెండు మేజర్లు కలిపి చదవవచ్చు. ఒక మేజర్‌కు రెండు మైనర్లు జోడించవచ్చు. గణితం ఇష్టపడే పిల్లకు చరిత్ర కూడా ఇష్టమైతే, ఒకదానిని చంపుకోనక్కరలేదు. అయితే ఇంజినీరింగుకు మొదటే వేరుగా దరఖాస్తు చేయాలి. కొన్ని విభాగాలలో స్థానాలు పరిమితం. పన్నెండవ తరగతిలో కాలిక్యులస్ వదిలేస్తే కొన్ని దారులు మూసుకుంటాయి. పెద్దలు చెప్పవలసిన సలహా ఇటువంటిది.

వైద్యవిద్య సంగతి చూడండి. యార్క్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలను మన వాన్‌లోనే 2028లో ప్రారంభించాలని సంకల్పించారు. ఆ వార్త వచ్చినప్పటి నుండి ఎందరి ఇళ్లలోనో పిల్లల చదువు నిశ్చయమైపోయింది: లైఫ్ సైన్సెస్. కానీ మాక్‌మాస్టర్ వైద్య కళాశాల ప్రవేశానికి డిగ్రీలో ఫలానా మేజర్ చదివి ఉండాలన్న నియమమే లేదు. ఇష్టంలేని చదువులో అత్తెసరు మార్కులు తెచ్చుకున్న విద్యార్థికంటే, ఇష్టమైన చదువులో రాణించిన విద్యార్థికే అక్కడ దారి సులువు.

ఇక ఉద్యోగం. “ఆ చదువుకు గిరాకీ ఎక్కడ?” అన్నది బరువైన ప్రశ్నే. కొత్త దేశంలో అప్పుచేసి బిడ్డను చదివించే తల్లిదండ్రుల ఆందోళనను తేలికగా చూడను. కానీ గిరాకీని ముందుగా కనిపెట్టగలమన్న ధీమా ఎక్కడిది? 1941లో కలకత్తా విశ్వవిద్యాలయం గణాంకశాస్త్రంలో ఎం.ఏ. ప్రారంభించినప్పుడు భారతదేశంలో అటువంటి కోర్సు అదే మొదటిది. అందులో చేరిన తెలుగు యువకుడు సి.ఆర్.రావు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం లభించింది. ఈనాడు ప్రతి సంస్థా వెదికే ‘డేటా’ విద్యకు పునాది వేసిన వారిలో ఆయన ఒకరు. ఆనాడు గిరాకీ చూసి ఎంచుకోమంటే ఎంతమంది ఆ తరగతిలో కూర్చునేవారు?

పిల్లలకు కూడా ఒక మాట. ఎంపిక మీదైతే శ్రమ కూడా మీదే. “నాకు ఇష్టం” అన్న రెండు మాటలు చాలవు. కోరిన మేజర్‌లో రెండవ, మూడవ సంవత్సరాల పాఠ్యాంశాలు చదవండి. ఆ పని చేసేవారిని కలిసి, వారి దినచర్య ఎలా ఉంటుందో అడగండి. వాన్ మెట్రోపాలిటన్ సెంటర్‌లో రైలెక్కితే మూడవ స్టేషన్ యార్క్ విశ్వవిద్యాలయం. ఓపెన్ హౌస్ రోజున వెళ్లి ఆచార్యులను ప్రశ్నించండి. ఆ తరువాత అమ్మానాన్నల ముందు కూర్చుని, మీ తెలుగు ఎంత తడబడినా సరే, మీ కారణాలను తెలుగులోనే చెప్పండి. సాయంకాలపు తరగతులలో పెద్దయ్యాక అక్షరాలు దిద్దిన నేను ఈ వ్యాసం రాయగలిగినప్పుడు, మీరు ఆ మాత్రం చెప్పలేరా?

తల్లిదండ్రులారా, ఒంటారియో విశ్వవిద్యాలయాల దరఖాస్తులకు జనవరి మధ్య వరకే సమయం. ఈలోగా మీరు చేయవలసినవి మూడు. ఏటా ఎంత ఇవ్వగలరో అంకెల్లో చెప్పండి. బిడ్డ చెప్పే కారణాలను మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి. దరఖాస్తును బిడ్డ చేతనే నింపించండి. మన పూర్వీకులు చదవలేని కాగితానికి కట్టుబడ్డారు. మన పిల్లలకు చదవడం వచ్చు. చదివి, తెలిసి, తామే సంతకం చేయనివ్వండి.