నవ్వితే శౌర్యం తగ్గదు



1959 నాటి హాలీవుడ్ చిత్రం 'ఆపరేషన్ పెటికోట్'లో ఎరుపుగాని తెలుపుగాని చాలినంత లేక, రెండూ కలిపి పూయగా యుద్ధకాలపు జలాంతర్గామి గులాబీ రంగు తేలుతుంది. అద్దకం ఎరిగిన మా షోలాపూర్ నేతపేటలకు ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు. అంత నవ్వించినా అందులో నావికుల ధైర్యం చిన్నబోలేదు.

2017లో వచ్చిన మన 'ఘాజీ' మెచ్చదగినదే. కాని ఊపిరి బిగబట్టించినంతగా నవ్వించలేదు. 1971 యుద్ధంలో పనిచేసిన కుర్సురా నేడు విశాఖ తీరాన ప్రదర్శనశాలగా నిలిచియున్నది. ఆ ఇరుకులో వారాల తరబడి మసలినవారు నవ్వకుండానే కాలం గడిపియుందురా?

బడిలో మరాఠీ నేర్చిన మా మనుమలు తెలుగు పుస్తకం చదువలేరు. సినిమా మాటే వారికి తెలుగు సాహిత్యం. శౌర్యంతోపాటు మన హాస్యమూ వారికి దక్కునట్లు నిర్మాతలు అట్టి చిత్రమొకటి తీయవలెనని మనవి.

— ఒక విశ్రాంత గుమాస్తా, షోలాపూర్